మెష్‌లో చిల్లులకు ఆయిలర్ లెక్క

బ్లెండర్‌లో రాత్రంతా కూర్చుని ఓ మోడల్ చేశారు. త్రీడీ ప్రింట్‌కి పంపబోతే మెష్‌లో చిల్లు ఉందని స్లైసర్ హెచ్చరించింది. ఎంత తిప్పి చూసినా కంటికి కనిపించదు. బీటెక్ ఫైనలియర్‌లో నాకూ ఇదే తలనొప్పి. అలాంటి చిల్లుని కళ్లతో కాదు, లెక్కతో పట్టుకోవాలి. ఆ లెక్క చెప్పినాయన 1783లోనే కన్నుమూశారు. ఆయనే లియొనార్డ్ ఆయిలర్.

ఉద్యోగం రాలేదు

1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టారు. తండ్రి పాస్టర్. కొడుకూ అదే దారిలో వెళ్లాలని ఆయన కోరిక. కుర్రాడు మాత్రం శనివారాలు యోహాన్ బెర్నూలీ దగ్గరికెళ్లి రాని లెక్కలు చెప్పించుకునేవాడు. చివరికి బెర్నూలీయే తండ్రిని ఒప్పించారు. 20 ఏళ్లు నిండకముందే సొంతూళ్లో ఫిజిక్స్ ప్రొఫెసర్ పోస్టుకి ప్రయత్నిస్తే రాలేదు. అక్కడే ఆగిపోకుండా 1727లో రష్యా వెళ్లి సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు. ముప్పై దాటగానే కుడికన్ను చూపు దెబ్బతింది. 1741లో బెర్లిన్‌కి మారారు.

జవాబు ఎప్పుడూ రెండే

అక్కడి నుంచే 1750లో మిత్రుడు గోల్డ్‌బాక్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పారు. ఒక ఘనం తీసుకోండి. 8 మూలలు, 12 అంచులు, 6 ముఖాలు. మూలల్లోంచి అంచుల్ని తీసేసి ముఖాల్ని కలపండి. 2 వస్తుంది. చదరపు అడుగున్న పిరమిడ్‌కి 5, 8, 5. మళ్లీ 2. చప్పట ముఖాలతో, లోపలికి గుంటలు లేకుండా మూసుకుని ఉన్న ఏ ఆకారానికైనా ఇంతే.

ఇప్పుడు మీ మెష్‌కి రండి. ఘనాన్ని త్రిభుజాలుగా విడగొడితే 8 మూలలు, 18 అంచులు, 12 ముఖాలు. జవాబు 2. ఒక్క త్రిభుజం డిలీట్ చేయండి, 1కి పడిపోతుంది. అంటే మెష్ ఎక్కడో నోరు తెరిచిందన్నమాట. ఒక్క జాగ్రత్త: పిడి ఉన్న కప్పుకి చిల్లు లేకపోయినా 0 వస్తుంది. అందుకే అంచుల్ని కూడా చూడాలి. పూర్తిగా మూసుకున్న మెష్‌లో ప్రతి అంచుకీ సరిగ్గా రెండు ముఖాలుంటాయి. ఒకే ముఖం ఉన్న అంచు దొరికిందా, చిల్లు అక్కడే.

బ్లెండర్ ఎడిట్ మోడ్‌లో నాన్ మానిఫోల్డ్ సెలెక్ట్ చేస్తే ఆ అంచులు వెలుగుతాయి. చిన్న చిల్లయితే దాని చుట్టూ ఉన్న అంచులు ఎంచుకుని ఎఫ్ నొక్కండి, మూసుకుంటుంది. వంపు మీద పెద్ద చిల్లుకి అలా చేస్తే మాసిక వేసినట్టు చప్పటగా కనిపిస్తుంది. అక్కడ గ్రిడ్ ఫిల్ వాడండి. చివర్లో నార్మల్స్ అన్నీ బయటికి తిరిగేలా సరిచేయడం మర్చిపోవద్దు.

ఆయన లెక్కలోనూ చిల్లు

తమాషా ఏంటంటే, ఈ సూత్రానికి ఆయిలర్ రాసిన నిరూపణలోనే చిల్లు ఉంది. మూలల్ని ఒక్కోటీ కోసుకుంటూ పోవడం ఆయన పద్ధతి. ఎలాపడితే అలా కోస్తే మధ్యలో ఆకారమే చెడిపోవచ్చు. ఆ నిరూపణ ఆ చిల్లుతోనే అచ్చయింది. ఆయన పోయిన 11 ఏళ్లకి, 1794లో, లెజాండ్ర్ గట్టి నిరూపణ ఇచ్చారు.

1766లో ఆయిలర్ తిరిగి పీటర్స్‌బర్గ్ చేరారు. రెండో కంటికీ శుక్లం వచ్చింది. 1771లో ఇల్లు కాలిపోయింది. ఆ ఏడాదే చేసిన ఆపరేషన్‌తో చూపు వచ్చినట్టే వచ్చి పోయింది. లెక్కలు మనసులో చేసుకుంటూ, కొడుకులకీ సహాయకులకీ చెప్పి రాయించేవారు. ఆయన రచనల్లో దాదాపు సగం ఈ కాలానివే. చివరి రోజు కూడా యురేనస్ కక్ష్య లెక్క గురించి మాట్లాడారు.

ఈసారి స్లైసర్ హెచ్చరిస్తే మోడల్ డిలీట్ చేసి మొదటికి రాకండి. ఒకే ముఖం మిగిలిన అంచు ఎక్కడుందో వెతకండి.