వెలుతురును పట్టుకున్న ఇంజనీరు - రాజా దీన్‌దయాళ్

మా నాయనమ్మ బొమ్మ గీద్దామని పోయిన చలికాలంలో పెన్సిల్ పట్టాను. ఇక్కడ అల్ఫారెట్టాలో నా దగ్గరున్నది ఆవిడ ఫోటో ఒక్కటే. ఎవరిదో పెళ్ళిలో ఎదురుగా ఫ్లాష్ వేసి తీసింది. ఎన్నిసార్లు గీసినా ముక్కు ముఖానికి అతుక్కుపోయినట్టే వచ్చేది. నీడ లేని ఫోటోలో ముఖంలోని ఎత్తుపల్లాలు కనపడవని అప్పుడు అర్థమైంది. మంచి వెలుతురున్న పాత ఫోటోల కోసం వెదుకుతూ రాజా దీన్‌దయాళ్ దగ్గరికి చేరాను. ఆయన నిజాం గారి ఫోటోగ్రాఫరని తెలుసు గానీ, మనలాగే ఇంజనీరింగ్ చదివారని తెలియదు!

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీ థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ముప్ఫయ్యేళ్ళ వయసులో, 1874లో, సరదాగా కెమెరా పట్టారు. పదేళ్ళకు పైగా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి, చివరికి ఉద్యోగం వదిలేశారు. సర్కారు కొలువు వదలడమంటే మాటలా!

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించారు. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1894లో నిజాం 'రాజా' బిరుదునిచ్చారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో పెట్టారు. 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియోల గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి.

ఆ కాలపు స్టూడియోలకు పగటి వెలుగే ఆధారం. గాజు కప్పు నుంచి, కిటికీల నుంచి వచ్చే వెలుతురును తెరలతో మెత్తబరిచి, ముఖం మీద ఒక పక్క నుంచి పడనిచ్చేవారు. రెండో పక్క నీడ మరీ నల్లబడకుండా తెల్లటి తెర నిలబెట్టేవారు. కెమెరా అయినా పెన్సిల్ అయినా సూత్రం ఒకటే.

పోయిన నెల నాన్న వచ్చారు. ఆయనది అచ్చు వాళ్ళమ్మ ముఖమే. ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండో వైపు తెల్ల పోస్టర్ బోర్డు పెట్టాను. పోలికలు ఫోటో నుంచి, నీడలు నాన్న ముఖం నుంచి తీసుకున్నాను. ఈసారి ముక్కు కుదిరింది. నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు కింద పెట్టలేదు.

మీ అమ్మానాన్నలు ఈసారి వచ్చినప్పుడు ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన ఒక్క ఫోటో తీసి పెట్టుకోండి.