కుందేళ్లను పెంచిన విలియం కూపరు



ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని చావు కోరిన సంగతి మీరెరుగుదురు (1 రాజులు 19). దేవుడు అప్పుడతనిని గద్దింపలేదు. దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను, నిద్రపోనిచ్చెను, మరల లేపి తినిపించెను. ఈ అధ్యాయము చదివినప్పుడెల్ల నాకు ఇంగ్లాండు దేశపు కవి విలియం కూపరు జ్ఞాపకమునకు వచ్చును.

కూపరు 1731లో ఒక పాదిరిగారి ఇంట పుట్టెను. ఆరేండ్లు నిండకముందే తల్లి గతించెను. పిల్లవానిని దూరపు బడిలో వేసిరి. అచ్చట ఒక పెద్ద పిల్లవాడు ఇతనిని ఎంత హింసించెననగా, ఇతడు వాని ముఖమువైపు కన్నెత్తి చూడలేక, వాని జోళ్ల బకిలీలను బట్టియే వానిని గుర్తుపట్టుచుండెను. ఆ భయము పెద్దవాడైనను పోలేదు. న్యాయశాస్త్రము చదివిన తరువాత, 1763లో పార్లమెంటు ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగము చేతికందెను. సభవారి యెదుట పరీక్షకు నిలువవలెననగానే ఆయన క్రుంగిపోయెను. కొన్ని నెలలు దిగులుతో గడిపి, తన ప్రాణము తానే తీసికొనుటకు పూనుకొనెను. దేవుని కృపచేత బ్రదికెను.

ఆ కాలమున మతి చలించినవారిని గొలుసులతో కట్టుట వాడుక. లండనులో బెత్లెహేము అను ఆస్పత్రి యుండెను, ప్రభువు పుట్టిన ఊరి పేరే! అచ్చటి రోగులను వినోదముగా చూచుటకు జనులు పోవుచుండిరి. కూపరును అచ్చటికి పంపక, సెయింట్ ఆల్బన్సులో నథానియేలు కాటను అను భక్తిగల వైద్యునియొద్ద చేర్చిరి. ఆ వైద్యుడు దయతో మాటలాడెను, తొందరపెట్టలేదు. 1764లో ఒకనాడు కూపరు బైబిలు తెరువగా రోమా 3:25 కంటబడెను. క్షమాపణ తనకును కలదని ఆ దినమున నమ్మెను.

తరువాత అన్విను అను కుటుంబమువారు ఆయనను తమ ఇంట చేర్చుకొనిరి. 1767లో ఆ ఇంటి యజమానుడు గుఱ్ఱముమీదనుండి పడి చనిపోగా, ఆయన భార్య మేరీ అన్విను గారును కూపరును ఓల్నీ గ్రామమునకు వచ్చిరి. అచ్చటి పాదిరి జాన్ న్యూటను గారు, పూర్వము బానిసల ఓడ నడిపి మారుమనస్సు పొందినవాడు. ఇద్దరును కలిసి కీర్తనలు వ్రాసిరి. 1779లో అచ్చయిన ఆ పుస్తకములో 348 కీర్తనలున్నవి.

అయితే పుస్తకము ముగియకముందే, 1773లో, జబ్బు తిరుగబెట్టెను. దేవుడు అందరిని క్షమించును గాని తనను మాత్రము త్రోసివేసెనని కూపరు నమ్మెను. గుడికి పోవుట మానుకొనెను. మనలను మనము పరీక్షించుకొనుట మంచిదే. బల్లయొద్దకు వచ్చుటకు ముందు పౌలు కోరునదియు అదియే. కాని కూపరు తనలో ఒక కోర్టు పెట్టుకొని, ముద్దాయియు తానే, జడ్జియు తానే యయ్యెను. న్యాయవాది మాత్రము లేడు. న్యాయశాస్త్రము చదివినవానికి ఇది తోచకపోవుట చూడుడి!

న్యూటను గారు వాదింపలేదు. తన ఇంటికి వచ్చి కదలనన్న స్నేహితుని ఏడాదికి పైగా ఉంచుకొనెను. కూపరుకు మతి చెడినది న్యూటను బోధవలననే అనువారు కలరు. నేనొప్పను, ఆ బోధ వినక నాలుగేండ్లకు ముందే జబ్బు వచ్చెను గదా. నేను సేవకు వచ్చిన క్రొత్తలో, దుఃఖములో మునిగిన ఒక తల్లితో, అమ్మా నీకు విశ్వాసము చాలదని చెప్పితిని. ఆమె మరి నోరు విప్పలేదు. న్యూటను కథ అప్పటికి చదివియుంటినా, ఆమె ఇంట ఊరక కూర్చుండియుందును, జ్వరమునకు తీసికొనిపోవునట్లే వైద్యునియొద్దకును తీసికొనిపోయియుందును.

1774లో పొరుగువారు కూపరుకు ఒక కుందేలు పిల్లను తెచ్చియిచ్చిరి. మూడింటిని ఉంచుకొనెను: పుస్, టైనీ, బెస్. పేర్లు ఆడవియైనను మూడును మగవే! వాటికి తన చేతులతో పెట్టెలు చేసెను. పుస్ జబ్బుపడగా దానికి ఉపచారము చేసెను. తేరుకొనిన తరువాత అది ఆయన చేతిని వ్రేలు వ్రేలుగా నాకెనట. టైనీ మాత్రము చివరివరకు పంజా విసరుచునే యుండెను, ఆయన దానినిని ప్రేమించెను. తోటపని, వడ్రంగము, బొమ్మలు గీయుట నేర్చుకొనెను. తన్ను గూర్చి తలపోయుట తగ్గి, ఎదుటి ప్రాణిని చూచుట పెరిగెను. మేరీ గారు వ్రాయుమని ప్రోత్సహింపగా 1782లో పద్యముల పుస్తకము, 1785లో టాస్క్ అను గొప్ప కావ్యము వెలువడెను. 1788లో బానిసల పక్షమున పద్యములు వ్రాసెను.

పూర్తిగా స్వస్థపడెనా? లేదు. మేరీ గారికి పక్షవాతము రాగా, ఇన్నాళ్లు తన్ను సాకిన ఆమెను తానే సాకెను. ఆమె 1796లో పోయెను. ఆయన 1800 ఏప్రిలు 25న, దిగులు తీరకయే, కన్నుమూసెను.

ఆయన కాగితములలో 1786 నాటి చీటి యొకటి దొరికెను. పుస్ పదునొకండేండ్ల పదునొకండు నెలల వయస్సున, మధ్యాహ్నము పండ్రెండింటికి ఒంటిగంటకు నడుమ, బాధ లేకుండ, ముసలితనముచేతనే చనిపోయెనని ఆ చీటిలో వ్రాసియున్నది.