తారాబాయి మోడక్: వాకిట్లోకే బడిని తెచ్చిన టీచరమ్మ.. అంగన్‌వాడీ వెనుక అసలు కథ ఇదీ!

ఉదయం తొమ్మిది దాటితే చాలు.. ఊళ్లో అంగన్‌వాడీ ఆయా ఇంటింటి ముందూ నిలబడి పిల్లల్ని పిలుస్తుంది. ఒకడిని చంకనెత్తుకుంటుంది, మరొకరి వేలు పట్టుకుంటుంది. ఏడ్చేవాడిని బుజ్జగిస్తుంది. అక్కడ సెంటర్‌లో టీచర్ చాప పరిచి, ఆట వస్తువులు సర్ది ఎదురుచూస్తుంటుంది.

ఏపీలో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాల్లో రోజూ కనిపించే సీన్ ఇది. కానీ బడికి రాని పిల్లల దగ్గరికి బడే వెళ్లాలన్న ఆలోచన ఎక్కడ మొదలైందో చాలామందికి తెలియదు. దాదాపు 80 ఏళ్ల కిందట, మహారాష్ట్ర తీరంలోని ఓ చిన్న ఊళ్లో అది పుట్టింది. దాని వెనుక ఉన్న మహిళ పేరు తారాబాయి మోడక్.

ఆమె గొప్ప పని బడి పెట్టడం ఒక్కటే కాదు. బడి నడిపే మనుషుల్ని తయారుచేయడం. ఇంతకీ ఎవరీ తారాబాయి? ఆ పని ఎలా చేశారు?

ఎదురీతతోనే మొదలు

తారాబాయి 1892 ఏప్రిల్ 19న బొంబాయిలో పుట్టారు. పుట్టింటి పేరు కేల్కర్. తండ్రి సదాశివ్ పాండురంగ్ కేల్కర్ ప్రార్థనా సమాజ్‌లో ఉన్న సంస్కర్త. తల్లి ఉమాబాయి వితంతువు, ఆ తర్వాత ఆయన్ను మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మన దగ్గర కందుకూరి వీరేశలింగం పంతులు వితంతు వివాహాల కోసం పోరాడిన కాలమే అది. అలాంటి పెళ్లి చేసుకున్న ఇంటిని నలుగురూ ఎలా చూసేవారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇంట్లో పెరిగిన తారాబాయి 1914లో బొంబాయి యూనివర్సిటీ నుంచి బీఏ పాసయ్యారు. మోడక్ అనే లాయర్‌ను పెళ్లి చేసుకుని అమరావతి వెళ్లారు. మన అమరావతి కాదు, విదర్భలోని అమరావతి. ఆ కాపురం నిలవలేదు. 1921లో భార్యాభర్తలు విడిపోయారు. అప్పటికి ఆమె వయసు 29 ఏళ్లు. చేతిలో ఓ చిన్న కూతురు.

ఆ రోజుల్లో భర్తను విడిచి, బిడ్డతో ఒంటరిగా బతకడం మామూలు విషయం కాదు. కానీ ఆమెకు చదువుంది. రాజ్‌కోట్‌లో మహిళా టీచర్లకు శిక్షణ ఇచ్చే బార్టన్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేరారు. మంచి జీతం, గౌరవం ఉన్న పోస్టు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ప్రిన్సిపాల్ కుర్చీ వదిలి.. శిష్యురాలిగా

సొంత కూతురిని ఎలా పెంచాలి, చిన్నపిల్లలకు ఏది ఎలా నేర్పాలి? ఈ ప్రశ్నలే తారాబాయిని భావ్‌నగర్ వైపు నడిపించాయి. అక్కడ దక్షిణామూర్తి అనే విద్యాసంస్థలో గిజుభాయి బధేకా 1920లో బాలమందిర్ మొదలుపెట్టారు. ఆయన ముందు వకీలు. కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ మరియా మాంటిస్సోరి పుస్తకాలు చదివి, వకాలత్ వదిలేసి చిన్నపిల్లల టీచర్‌గా మారిన మనిషి. బెత్తం లేదు, బట్టీ లేదు. కథ, పాట, నాటకం, ఆట.. ఇదే ఆయన బడి. గుజరాత్‌లో ఆయన్ను మీసాలున్న అమ్మ అని ముద్దుగా పిలిచేవారు.

అప్పటికే టీచర్లకు పాఠాలు చెప్పే ప్రిన్సిపాల్ తారాబాయి. అలాంటామె ఆ హోదా వదిలేసి, మూడేళ్ల పిల్లల మధ్య కూర్చుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి సిద్ధపడ్డారు. దాదాపు తొమ్మిదేళ్లు గిజుభాయితో కలిసి పనిచేశారు.

ఆ తొమ్మిదేళ్లలో ఇద్దరికీ ఒక విషయం స్పష్టంగా అర్థమైంది. ఒక మంచి టీచర్ ఉంటే ఒక బడి బాగుపడుతుంది. అలాంటి టీచర్లను తయారుచేయగలిగితే వంద బడులు బాగుపడతాయి. అందుకే బాలమందిర్ పక్కనే టీచర్ల శిక్షణ కూడా నడిచింది. 1926లో నూతన్ బాల్ శిక్షణ్ సంఘ్ మొదలైంది. టీచర్లకు, తల్లిదండ్రులకు ఉపయోగపడేలా శిక్షణ్ పత్రిక వచ్చింది. ముందు గుజరాతీలో, తర్వాత తారాబాయి చొరవతో మరాఠీలోనూ. శిక్షణ ముగించుకుని ఎక్కడో దూరపు ఊరికి వెళ్లిపోయిన టీచర్ ఒంటరి కాకూడదు కదా. ఆ పత్రిక నెలనెలా ఆమె చేతికి అందే తోడు లాంటిది.

ఆ తర్వాత తారాబాయి బొంబాయి చేరుకున్నారు. 1936లో దాదర్‌లో శిశువిహార్ మొదలైంది. బాలమందిర్, టీచర్ల శిక్షణ.. రెండూ ఒకేచోట. 1939లో గిజుభాయి కన్నుమూశారు. గురువు మోసిన భారం ఇప్పుడు ఆమె భుజాల మీద పడింది.

53 ఏళ్ల వయసులో పల్లెకు ప్రయాణం

శిశువిహార్ బాగా నడుస్తోంది. కానీ అక్కడికి వచ్చేది ఎవరు? నగరంలో కాస్త కలిగిన ఇళ్ల పిల్లలు. మాంటిస్సోరి సామగ్రి ఖరీదైనది. మరి పల్లెల్లో పేద పిల్లల సంగతేంటి? ఈ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు.

1945 చివర్లో తారాబాయి బోర్డీ అనే సముద్రతీర గ్రామానికి వెళ్లారు. అప్పట్లో థానే జిల్లా, ఇప్పుడు పాల్ఘర్ జిల్లా. అక్కడ గ్రామ్ బాల్ శిక్షా కేంద్ర మొదలుపెట్టారు. అప్పటికి ఆమెకు 53 ఏళ్లు.

ఆమెకు తోడుగా వచ్చిన టీచర్ పేరు అనుతాయి వాఘ్. 1910లో పుణె జిల్లా మోర్‌గావ్‌లో పుట్టారు. పదమూడేళ్లకే పెళ్లి, ఆరు నెలలు తిరక్కుండానే భర్త చనిపోయాడు. చదువుకుని, టీచరై, పుణెలో ఉద్యోగం చేశారు. బోరివలిలో జరిగిన ఓ శిక్షణ శిబిరంలో తారాబాయి కంట పడ్డారు. అనుతాయికి పెద్ద పిల్లలకు పాఠాలు చెప్పిన అనుభవం ఉంది కానీ శిశువిద్య కొత్త. అయినా తారాబాయి ఆమెనే ఎంచుకున్నారు.

పిల్లలు రాలేదు.. అప్పుడేం చేశారు?

బోర్డీలో బడి తెరిచారు. కానీ ఎవరి కోసం తెరిచారో ఆ దళితవాడ పిల్లలు, కూలీల పిల్లలు రాలేదు. అమ్మానాన్నలు పనికి పోతే ఇంట్లో చంటిబిడ్డను చూసేది ఐదేళ్ల అక్కే. ఇంకొకడు మేకల వెంట పోవాలి. ఒంటి మీద సరైన బట్ట కూడా లేని పిల్లాడు ఊరి నడుమ బడికి ఎలా వస్తాడు?

తప్పు పిల్లలదని, వాళ్ల తల్లిదండ్రులదని అనుకుని ఊరుకోవచ్చు. తారాబాయి మాత్రం తప్పు బడిదే అనుకున్నారు. పిల్లాడు బడికి రాకపోతే బడినే వాడ దగ్గరికి తీసుకెళ్లారు. ఏదో ఒక ఇంటి వాకిట్లో, చెట్టు కింద పిల్లల్ని పోగుచేశారు. మరాఠీలో అంగణ్ అంటే వాకిలి. అలా పుట్టిందే అంగన్‌వాడీ.

అక్కడ మొదటి పాఠం అక్షరం కాదు. స్నానం. పిల్లల ముఖాలు కడగడం, తల దువ్వడం, గోళ్లు తీయడం. ఆ తర్వాతే పాటలు, కథలు. ఖరీదైన బొమ్మల బదులు గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు, పుల్లలు. లెక్కపెట్టడానికి, రంగులు పోల్చడానికి, చిన్నా పెద్దా తేడా తెలుసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చెప్పడం తేలికే. కానీ టీచర్ వైపు నుంచి చూస్తే ఇదెంత కష్టమో తెలుస్తుంది. నాలుగు గోడలు లేవు, కుర్చీ లేదు. చుట్టూ ఇళ్లవాళ్లు చూస్తుంటారు. పై కులం టీచర్ దళితవాడలో పిల్లాడి ముక్కు తుడవాలి. ఇవాళ పదిమంది వస్తారు, రేపు ముగ్గురే. పుస్తకంలో రాసిన పద్ధతి వాకిట్లో పనిచేయదు. అప్పటికప్పుడు తనే ఆలోచించుకోవాలి.

అలాంటి టీచర్‌ను ఆర్డర్లతో తయారుచేయలేం. తారాబాయి బొంబాయిలో కూర్చుని సూచనలు పంపే పని పెట్టుకోలేదు. తనే ఊళ్లోకి వచ్చారు. అనుతాయి ఆమె పక్కనే ఉండి, చూస్తూ, చేస్తూ నేర్చుకున్నారు. ఒకప్పుడు గిజుభాయి దగ్గర తారాబాయి నేర్చుకున్నదీ ఇలాగే.

కొండ మీద కొత్త అధ్యాయం

1950ల్లో ఈ పని బోర్డీ నుంచి దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ వార్లీ ఆదివాసీలు ఎక్కువ. పశువులు కాసే పిల్లల కోసం వాళ్లు ఉన్న పచ్చిక బయళ్లలోనే బడి నడిపారు. పగలు పనికి వెళ్లేవాళ్లకు రాత్రి బడి. చంటిపిల్లల కోసం క్రెష్, ఆ పైవాళ్లకు బాల్‌వాడీ, ఆ తర్వాత ప్రైమరీ స్కూల్.. అన్నీ ఒకేచోట ఉండేలా వికాస్‌వాడీ ఏర్పాటు చేశారు. చంటిబిడ్డను క్రెష్ చూసుకుంటే, ఇన్నాళ్లూ ఆ బిడ్డను ఎత్తుకు తిరిగిన అక్కకు చదువుకునే వీలు దొరుకుతుంది. చిన్న మార్పే, కానీ ఆ అమ్మాయి జీవితాన్నే మార్చేది.

ఇక్కడ రోజువారీ పనిలో అనుతాయి ముందు నిలిచారు. ఉద్యోగం చేస్తూనే చదువు కొనసాగించి, యాభై ఏళ్లు దాటాక డిగ్రీ అందుకున్నారు. చుట్టుపక్కల ఎందరో మహిళలు ఇక్కడ శిక్షణ పొంది బాల్‌వాడీ టీచర్లయ్యారు.

1962లో కేంద్ర ప్రభుత్వం తారాబాయికి పద్మభూషణ్ ఇచ్చింది. 1973 ఆగస్టు 31న ఆమె కన్నుమూశారు.

ఆమె పోయాక ఏమైంది?

ఒక వ్యక్తి చుట్టూ తిరిగే సంస్థలు ఆ వ్యక్తితోనే ముగిసిపోవడం మనం చూస్తూనే ఉంటాం. కోస్‌బాడ్‌లో అలా జరగలేదు. 28 ఏళ్లు పక్కన ఉండి నేర్చుకున్న అనుతాయి పనిని ఆపలేదు. ఆమెకూ పద్మశ్రీ వచ్చింది. 1992లో చనిపోయేవరకు ఆమె ఆ పనిలోనే ఉన్నారు.

ఇక తారాబాయి మరణించిన రెండేళ్లకు, 1975 అక్టోబర్ 2న కేంద్రం ఐసీడీఎస్ పథకం మొదలుపెట్టింది. తొలి విడతలో 33 బ్లాకులు మాత్రమే. ఆ కేంద్రాలకు పెట్టిన పేరు అంగన్‌వాడీ. బోర్డీ వాకిట్లో మొదలైన మాట దేశంలో ఊరూరికీ చేరింది. దాన్ని చూడటానికి మాత్రం ఆమె లేరు.

ఇవాళ అంగన్‌వాడీ టీచర్ చేతిలో గుడ్ల లెక్క, పాల లెక్క, బరువుల రిజిస్టర్, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్.. అన్నీ ఉన్నాయి. సూపర్‌వైజర్ వస్తే ముందు అడిగేది చాలాచోట్ల వాటి గురించే. లెక్కలు చూడాల్సిందే, తప్పదు. కానీ పక్కన చాప మీద కూర్చుని, ఏడ్చే పిల్లాడిని ఎలా దగ్గరకు తీసుకోవాలో, గవ్వలతో లెక్కలు ఎలా చెప్పాలో చేసి చూపించేవాళ్లు కూడా ఆ టీచర్‌కు కావాలి.

గిజుభాయి నుంచి తారాబాయికి, తారాబాయి నుంచి అనుతాయికి, అనుతాయి నుంచి కోస్‌బాడ్ చుట్టుపక్కల మహిళలకు విద్య అందింది అలాగే. పక్కన కూర్చుని!