వ్యసన విముక్తి సారథి రాజాజీ

మద్యపాన వ్యసనం త్రాగేవాని ఆరోగ్యాన్ని మాత్రమే హరించి ఊరుకోదు. అతని కూలి డబ్బును, ఇల్లాలి మనశ్శాంతిని, బిడ్డల చదువును సైతం కబళిస్తుంది. ఈ సత్యాన్ని గ్రహించి, త్రాగుబోతును నిందించక, అతనిని ఆ వ్యసనం నుండి విడిపించడమే కర్తవ్యంగా స్వీకరించిన మహనీయుడు చక్రవర్తి రాజగోపాలాచారి. రాజాజీగా ప్రసిద్ధులైన ఆయన దీక్షలో చిత్తూరు జిల్లాకు విశిష్ట స్థానముంది.

రాజాజీ 1878 డిసెంబరు 10న నాటి సేలం జిల్లాలో, హోసూరుకు సమీపంలోని తొరపల్లి గ్రామంలో జన్మించారు. బెంగుళూరు, మద్రాసు నగరాలలో విద్యాభ్యాసం ముగించి, సేలంలో న్యాయవాదిగా ధనాన్నీ, కీర్తినీ ఆర్జించారు. ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులుగా సేవలందించారు. గాంధీజీ పిలుపుతో లాభసాటియైన వృత్తిని త్యజించి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు.

1925లో తిరుచెంగోడు సమీపాన పుదుపాళయంలో ఆశ్రమాన్ని స్థాపించి, అక్కడే ఒక కుటీరంలో నివసించారు. కరవుతో అలమటించే పల్లెవాసులకు రాట్నం ద్వారా జీవనోపాధి కల్పించారు. కష్టించి సంపాదించిన కాసులు కల్లు దుకాణం పాలగుట చూచి ఆయన హృదయం ద్రవించింది. గ్రామగ్రామానికీ వెళ్ళి త్రాగుడు మానుమని ప్రజలకు నచ్చజెప్పారు. 1929లో కేవలం మద్యనిషేధ ప్రచారం కొరకే ‘విమోచనం’ అనే తమిళ మాసపత్రికను ప్రారంభించారు. సుప్రసిద్ధ రచయిత కల్కి కృష్ణమూర్తి ఆ పత్రికా నిర్వహణలో ఆయనకు చేదోడుగా నిలిచారు.

1937లో రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి పదవిని చేపట్టారు. ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది. మరుసటి ఏడాది, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. నాడు తిరుపతి కూడా చిత్తూరు జిల్లాలో అంతర్భాగమే. ఆ విధంగా తెలుగునాట మద్యనిషేధాన్ని మొదట చవిచూసిన ఘనత రాయలసీమకు దక్కింది.

చట్టం ఒక్కటే చాలదని రాజాజీ ఎరుగుదురు. దుకాణం మూసినంత మాత్రాన సాయంకాలపు దాహం తీరదు. గీత కార్మికుని కడుపు నిండదు. అందుకే సేలంలో తేనీటి అంగళ్ళను, ఆటలను, భజనలను ప్రోత్సహించారు. తీపి కల్లుతో బెల్లం తయారుచేయుటకు కార్మికులకు అవకాశమిచ్చారు. ఖజానాకు కలిగిన నష్టాన్ని పూరించుటకు 1939లో సాధారణ అమ్మకపు పన్నును ప్రవేశపెట్టారు. పన్ను విధించిన పాలకునికి అపకీర్తి తప్పదు. పేదవాని ఇల్లు నిలబెట్టుటకు ఆ అపకీర్తిని ఆయన భరించారు.

ఆయన ప్రయత్నానికి ఆటంకాలు కలుగకపోలేదు. దొంగచాటు సారాయి ఎల్లప్పుడూ సమస్యగానే ఉండేది. 1939లో ఆయన మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో ప్రభుత్వం నిషేధాన్ని నిలిపివేసింది. స్వాతంత్ర్యానంతరం 1948 అక్టోబరు 2 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. అప్పటికి రాజాజీ భారతదేశపు గవర్నర్ జనరల్ పదవిలో ఉన్నారు. 1954లో ఆయన ‘భారతరత్న’ పురస్కారాన్ని అందుకున్నారు. మద్రాసు నగర వివాదంలో ఆయన వైఖరి తెలుగువారికి రుచించలేదు. అయినను మద్యనిషేధంలో ఆయన చిత్తశుద్ధిని శంకించినవారు అరుదు.

1971లో తమిళనాడు ప్రభుత్వం మద్యనిషేధాన్ని ఎత్తివేయ సంకల్పించింది. అప్పటికి రాజాజీ వయస్సు 92 సంవత్సరాలు. జోరున వర్షం కురుస్తున్నా లెక్కచేయక, ముఖ్యమంత్రి కరుణానిధి ఇంటికి స్వయంగా వెళ్ళి, ఆ నిర్ణయాన్ని విరమించుకొమ్మని అర్థించారు. దేశంలో అత్యున్నత పదవులను అలంకరించిన వృద్ధుడు పేదవాని గృహశాంతి కొరకు చేయి చాచి నిలిచారు. ఆ అభ్యర్థన ఫలించలేదు. 1972 డిసెంబరు 25న ఆయన కన్నుమూశారు.

కాలక్రమంలో నిషేధ చట్టాలు వచ్చాయి, పోయాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై సమరం సాగించినప్పుడు, నాటి ఆవేదనయే మళ్ళీ గొంతు విప్పింది. వ్యసనపరునికి శిక్షకంటె ఆసరా ముఖ్యమనీ, నిషేధానికి తోడు పనీ, వినోదమూ, ఓర్పుతో కూడిన హితబోధా అవసరమనీ రాజాజీ జీవితం మనకు బోధిస్తున్నది.