సర్ తామస్ మన్రోగారు: అధికారమును మతనిర్ణయమును

మనుష్యుడు తన మతమును తన యంతరాత్మ సాక్షిగా నిర్ణయించుకొనవలయును. ఆ నిర్ణయమునకు భయముగాని లాభాపేక్షగాని తోడైనయెడల నది మతనిర్ణయము గాక బేరమగును. ఈ ధర్మమును క్రైస్తవుడై జన్మించి, క్రైస్తవమత ప్రచార విషయముననే పాటించిన యొక పాలకుని చరిత్రమును చదువరులకు సంగ్రహముగా విన్నవించుచున్నారము.

తామస్ మన్రోగారు 1761వ సంవత్సరమున స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించి, 1780లో కుంపిణీ సైన్యోద్యోగియై చెన్నపట్టణము చేరిరి. 1800లో నిజాము కుంపిణీవారి కొసగిన దత్తమండలములకు కలెక్టరై 1807 వఱకు వానిని పాలించిరి. అనంతపురము కొంతకాలము వారికి ముఖ్యస్థానముగా నుండెను. వానలు తఱచు తప్పు నా మెరకసీమలో వారు గుడారములయందు వసించుచు, గ్రామగ్రామము తిరిగి, భూములు కొలిపించి, రైతులతో నేరుగా శిస్తు నిర్ణయించిరి. అయినను పంటలో నూటికి 45 పాళ్లు సర్కారు పాలగుచుండెను. తాము కట్టిన శిస్తే రైతునకు మోయరానిదని గ్రహించి, మెట్ట మాగాణులపై నూటికి 25 వంతులు తగ్గింపవలసినదని 1807లో పైవారికి వ్రాసిరి. అది యప్పుడు సాగలేదు. 1820లో వారు చెన్నపురి గవర్నరైన పిమ్మటనే యా తగ్గింపు సిద్ధించెను.

ఆ కాలమున అనంతపురసీమ బళ్లారి జిల్లాలోనిది. బళ్లారియందు లండను మిషనువారు 1810 మొదలుకొని మతబోధ చేయుచుండిరి. వారు బోధకులు; వినుటయు మానుటయు జనుల యిచ్ఛ. కాని 1822లో నచ్చటి సబుకలెక్టరొకరు గ్రామములవారికి క్రైస్తవ గ్రంథములు పంచుచు మతవిషయమున బోధింపసాగిరి. మన్రోగారు దీని నంగీకరింపక, ఉద్యోగి తన యధికారమును వేఱుగా నుంచి బోధకుడు కాజాలడనియు, ప్రజల మతముజోలికి పోకుండుట పాలకుని ధర్మమనియు నిర్ణయించి వ్రాసిరి.

ఈ తీర్పులోని సూక్ష్మమును కఱవుసీమవారు సులభముగా గ్రహింపగలరు. ఆ కాలమున వాన కురియక చేను మాడినయేడు రైతు కచ్చేరిలో చేతులు కట్టుకొని నిలుచుచుండెను. శిస్తు మాఫీ యగుటయు, ఎద్దులు జప్తగుటయు దొరగారి నోటిమాటపై నుండెను. ఆ చేతితోనే దొర మతగ్రంథము నందిచ్చినచో రైతు కాదనునా? పుచ్చుకొన్నను అది విశ్వాసమగునా? అట్టి యంగీకారము రైతునకు మేలు చేయదు సరికదా, క్రీస్తుమతమునకును గౌరవము తేదు. స్వమతము నందు గౌరవముగలవాడే దానిని లంచముగా మార్చుట కొల్లడు.

1827లో పదవి విడిచి స్వదేశము పోవనున్న తరుణమున, తమ పాత మండలములను కడసారి చూడవచ్చి, జూలై 6వ తేదీన పత్తికొండయందు విషూచితో మరణించిరి. మొదట గుత్తిలో ఖననము చేసిరి. ఆ సీమ రైతులు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొనిరి. శిస్తు తగ్గించిన దొరను వారు తమవానినిగా నెంచిరేకాని, ఆయన మతమున చేరుమని వారి నాయన యెన్నడు నడుగలేదు.

మనలోను ఉపాధ్యాయులు, ఉద్యోగస్థులు కలరు. మన సంస్కారములను మన యాశ్రితులపై రుద్దుటకు ముందు, వారు నిర్భయముగా కాదనగలరా యని మనల మనము ప్రశ్నించుకొనవలయును.