లెస్టర్ బ్యాంగ్స్

లెస్టర్ బ్యాంగ్స్ (డిసెంబర్ 14, 1948 - ఏప్రిల్ 30, 1982) అమెరికాకు చెందిన ప్రముఖ సంగీత విమర్శకుడు, పాత్రికేయుడు. ఇతని పూర్తి పేరు లెస్లీ కాన్వే బ్యాంగ్స్. రోలింగ్ స్టోన్, క్రీమ్, విలేజ్ వాయిస్ మొదలైన పత్రికలలో ఇతడు వ్రాసిన సమీక్షలు, వ్యాసాలు రాక్ సంగీత విమర్శను ఒక సాహిత్య ప్రక్రియ స్థాయికి తీసుకొనివెళ్ళాయి. ముప్పై మూడేళ్ళ వయసులోనే మరణించాడు.

బాల్యం

బ్యాంగ్స్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఎస్కాండిడోలో జన్మించాడు. తండ్రి ట్రక్కు డ్రైవరు. 1957లో అగ్నిప్రమాదంలో తండ్రి మరణించేనాటికి బాలునికి ఎనిమిదేళ్ళు మాత్రమే. తల్లి నార్మా బెల్ యెహోవా సాక్షుల శాఖకు చెందిన నిష్ఠాపరురాలు. కఠినమైన మతనియమాల నడుమ, శాన్ డియాగో సమీపంలోని ఎల్ కాహోన్ పట్టణంలో అతడు పెరిగాడు. జాజ్ రికార్డులు, జాక్ కెరువాక్, విలియం బరోస్ వంటి బీట్ రచయితల పుస్తకాలు ఆ ఇంటి వాతావరణం నుండి అతనికి దొరికిన వెసులుబాటు. తరువాతి కాలంలో అతని వచనంలో కనిపించే ఊపిరి సలపని పరుగుకు మూలం ఈ చదువేనని చెప్పవచ్చు.

పత్రికా రచన

రాక్ సంగీతాన్ని గంభీరంగా చర్చించే పత్రికలు అమెరికాలో అప్పుడప్పుడే పుడుతున్నాయి. పాల్ విలియమ్స్ 1966లో క్రాడాడీని, మరుసటి సంవత్సరం జాన్ వెన్నర్, రాల్ఫ్ గ్లీసన్‌లు రోలింగ్ స్టోన్‌ను ప్రారంభించారు. 1969లో రోలింగ్ స్టోన్ పాఠకుల నుండి సమీక్షలను ఆహ్వానించగా బ్యాంగ్స్ కూడా పంపాడు. ఎమ్‌సీ5 బృందపు తొలి ఆల్బమును తీవ్రంగా విమర్శించిన అతని సమీక్షను ఆ పత్రిక ప్రచురించింది. ఆ బృందాన్నే అతడు తరువాత ఎంతో ఇష్టపడ్డాడు. బ్లాక్ సబాత్ విషయంలోనూ ఇంతే: 1970లో తొలి ఆల్బమును తీసిపారవేసినవాడు, రెండేళ్ళు తిరగకుండానే వారిని సమర్థిస్తూ సుదీర్ఘ వ్యాసం వ్రాశాడు. తన పాత తీర్పును తానే బహిరంగంగా త్రోసిపుచ్చడానికి అతడు ఎన్నడూ సంకోచించలేదు. విమర్శకులలో ఇది అరుదైన గుణం.

సంగీతకారుల పట్ల అగౌరవంగా వ్రాస్తున్నాడన్న కారణంతో 1973లో వెన్నర్ అతనిని రోలింగ్ స్టోన్ నుండి తొలగించాడు. అప్పటికే బ్యాంగ్స్ మిషిగన్ రాష్ట్రానికి మకాం మార్చి, డెట్రాయిట్ పత్రిక క్రీమ్‌లో పనిచేస్తున్నాడు. అతని ఉత్తమ రచనలలో అనేకం ఇక్కడ వెలువడినవే. గ్యారేజీలలో సాధన చేసుకొనే అనామక కుర్రవాళ్ళ మోటు సంగీతంలోనే రాక్ ప్రాణం ఉన్నదని, నైపుణ్య ప్రదర్శన దానిని చంపుతుందని అతని వాదన. పంక్ రాక్ అనే మాట 1970ల ఆరంభంలో వ్యాప్తిలోకి రావడానికి బ్యాంగ్స్, అతని సహోద్యోగి డేవ్ మార్ష్‌ల రచనలు ముఖ్య కారణం. ఆ పేరుతో ఒక సంగీతోద్యమం బయలుదేరింది మాత్రం ఆ తరువాత కొన్నేళ్ళకే.

గాయకుడు లూ రీడ్‌తో బ్యాంగ్స్ జరిపిన సంభాషణలు విశేష ప్రసిద్ధి పొందాయి. వీటిని ఇంటర్వ్యూలు అనడం కంటే వాగ్యుద్ధాలు అనడమే సరి. బ్యాంగ్స్ రీడ్‌ను ఆరాధించేవాడు. అందువల్లనే అతని బలహీనమైన రికార్డులను క్షమించలేకపోయేవాడు. 1975లో రీడ్ కేవలం గిటారు ఫీడ్‌బ్యాక్ రొదతో నిండిన మెటల్ మెషిన్ మ్యూజిక్ అనే జంట ఆల్బమును విడుదల చేసినపుడు పలువురు ఈసడించుకోగా, బ్యాంగ్స్ సగం పరిహాసంగా, సగం నిజంగా దానిని ఆకాశానికెత్తాడు.

న్యూయార్కు జీవితం

1976లో క్రీమ్‌ను విడిచి న్యూయార్కు చేరి, స్వతంత్ర రచయితగా జీవించాడు. 1977లో ఎల్విస్ ప్రెస్లీ మరణించినపుడు విలేజ్ వాయిస్‌లో వ్రాసిన నివాళి, అదే సంవత్సరం ఇంగ్లండులో క్లాష్ బృందంతో పర్యటించి ఎన్ఎమ్ఈ పత్రికకు వ్రాసిన వ్యాసం, వాన్ మారిసన్ పాడిన ఆస్ట్రల్ వీక్స్ ఆల్బముపై 1979లో వెలువడిన వ్యాసం పేర్కొనదగినవి.

వీటన్నిటికంటే సాహసోపేతమైనది 1979లో విలేజ్ వాయిస్‌లో న్యూయార్కు పంక్ వర్గాలలోని జాతివివక్షపై వ్రాసిన వ్యాసం. ఇతరులను నిందించి ఊరుకోక, నల్లజాతివారి గురించి తాను వేళాకోళంగా వాడిన మాటలను కూడా అందులో దోషంగా అంగీకరించాడు. నిన్నటి మిత్రులలో కొందరికి ఇది కంటగింపు అయింది.

బ్యాంగ్స్ స్వయంగా పాటలు కూడా వ్రాసి పాడాడు. గిటారిస్టు రాబర్ట్ క్వైన్ తోడ్పాటుతో ఒక సింగిల్, టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో డెలిన్‌క్వెంట్స్ బృందంతో జూక్ సావేజెస్ ఆన్ ద బ్రాజోస్ (1981) అనే ఆల్బము వెలువరించాడు. అంతకుముందు జె. గీల్స్ బ్యాండ్ కచేరీలో వేదికనెక్కి టైపురైటరు వాయించిన ఉదంతాన్ని నేటికీ చెప్పుకొంటారు.

మరణం

మద్యం, దగ్గుమందు వ్యసనాలు అతనిని చిన్ననాటి నుండి వెంటాడాయి. చివరి రోజులలో వాటి నుండి బయటపడటానికి ప్రయత్నించాడు. 1982 ఏప్రిల్ 30న ఫ్లూతో బాధపడుతూ, నొప్పి నివారణకు డార్వాన్ మాత్రలు, ఇతర మందులు కలిపి తీసుకోవడంతో న్యూయార్కులోని తన ఇంట్లో మరణించాడు. అందుకు సుమారు రెండు వారాల ముందు జిమ్ డెరోగాటిస్ అనే ఉన్నత పాఠశాల విద్యార్థి అతని ఇంటికి వెళ్ళి, రాక్ సంగీతం గురించి, విమర్శకుని వృత్తి గురించి అతనితో సుదీర్ఘంగా ముచ్చటించాడు. ఆ విద్యార్థే తరువాత సంగీత విమర్శకుడై, 2000లో లెట్ ఇట్ బ్లర్ట్ పేరుతో బ్యాంగ్స్ జీవితచరిత్రను వ్రాశాడు.

జీవించి ఉండగా పుస్తకరూపంలో వచ్చినవి బ్లాండీ బృందంపై ఒకటి, పాల్ నెల్సన్‌తో కలిసి రాడ్ స్టూవర్ట్‌పై ఒకటి మాత్రమే. వ్యాసాల సంపుటాలు మరణానంతరం, 1987లో గ్రీల్ మార్కస్, 2003లో జాన్ మోర్త్‌లాండ్ సంపాదకత్వాలలో వెలువడ్డాయి. కామెరాన్ క్రో తన యౌవనానుభవాల ఆధారంగా తీసిన ఆల్మోస్ట్ ఫేమస్ (2000) చిత్రంలో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ బ్యాంగ్స్ పాత్ర ధరించాడు. సంగీతకారులతో స్నేహం చేయవద్దని ఆ పాత్ర కుర్ర పాత్రికేయుని హెచ్చరిస్తుంది.