గాట్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియాన్సెన్

గాట్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియాన్సెన్ (జూలై 8, 1920 – జూలై 13, 1995) డెన్మార్క్ దేశానికి చెందిన ప్రముఖ పారిశ్రామికవేత్త. లెగో ఆటబొమ్మల సంస్థను స్థాపించిన ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ ఇతని తండ్రి. ప్లాస్టిక్ ఇటుకలను ఒక పద్ధతి ప్రకారం కూర్చుకొనే ఆటవస్తువుగా తీర్చిదిద్దినవాడు గాట్‌ఫ్రెడ్. ఇటుకలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనే నిర్మాణానికి 1958లో పేటెంటు కోరినది కూడా ఇతడే. సంస్థ ఇతని నాయకత్వంలో ఉన్నప్పుడే ఆ ఇటుకలకు చక్రాలు, మోటార్లు, గేర్లు వచ్చి చేరాయి. పిల్లలు, పెద్దలు తమ ఊహకు తగినట్లు మోటారుతో నడిచే కార్లు, రైళ్ళు, క్రేన్లు సొంతంగా నిర్మించుకొనే అభిరుచికి ఈ మార్పులే పునాది.

బాల్యం

గాట్‌ఫ్రెడ్ డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతంలో, బిల్లుండ్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తల్లి పేరు కిర్స్టినె. తండ్రి ఓలె కిర్క్ 1916లో ఆ ఊరిలోని వడ్రంగి కార్ఖానాను కొని, ఇళ్ళకు తలుపులు, కిటికీలు, సామాను చేసేవాడు. నలుగురు అన్నదమ్ములలో గాట్‌ఫ్రెడ్ మూడవవాడు. యోహానెస్, కార్ల్ జార్జ్ ఇతని అన్నలు, గేర్హార్ట్ తమ్ముడు. 1924లో కార్ల్ జార్జ్, గాట్‌ఫ్రెడ్ కార్ఖానాలో ఆడుకొంటుండగా చెక్క పొట్టుకు నిప్పంటుకొని కార్ఖానాతో పాటు ఇల్లు కూడా కాలిపోయింది. అప్పటికి గాట్‌ఫ్రెడ్ వయసు నాలుగేళ్ళే.

1930 దశకపు ఆర్థిక మాంద్యంలో రైతుల వద్ద డబ్బు లేక ఓలె కిర్క్‌కు పనులు తగ్గిపోయాయి. 1932లో అతడు చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే సంవత్సరం భార్య కిర్స్టినె మరణించింది. పన్నెండేళ్ళ గాట్‌ఫ్రెడ్ ఆ ఏటినుండే తండ్రి వద్ద పనిలో చేరాడు. బాగా ఆడుకో అనే అర్థం వచ్చే రెండు డేనిష్ పదాల మొదటి అక్షరాలను కలిపి 1934లో సంస్థకు లెగో అని పేరు పెట్టారు.

ఈ కాలానికి చెందిన ఒక సంఘటన సంస్థ చరిత్రలో తరచుగా చెప్పబడుతుంది. చెక్క బాతు బొమ్మలకు మూడుసార్లు వార్నిషు పూయడం ఓలె కిర్క్ నియమం. ఒకసారి గాట్‌ఫ్రెడ్ రెండు పూతలతో సరిపెట్టి, ఖర్చు మిగిల్చానని తండ్రికి సంతోషంగా చెప్పాడు. తండ్రి మెచ్చుకోలేదు. రైల్వే స్టేషనుకు చేరిన పెట్టెలను వెనక్కు తెప్పించి, మూడవ పూత వేసి, తిరిగి కట్టి పంపమన్నాడు. ఆ పనంతా గాట్‌ఫ్రెడ్ ఒక్కడే రాత్రంతా కూర్చుని చేయవలసి వచ్చింది. ఎంత మేలైనదైనా పిల్లలకు ఎక్కువేమీ కాదు అనే భావం గల తండ్రి సూక్తిని తరువాత గాట్‌ఫ్రెడ్ స్వయంగా చెక్కపై చెక్కి కార్ఖానా గోడకు తగిలించాడు.

సంస్థ బాధ్యతలు

1937 నుండి గాట్‌ఫ్రెడ్ కొత్త బొమ్మల నమూనాలు తయారుచేయసాగాడు. పై చదువుకు జర్మనీ వెళ్ళాలనుకొన్నా, 1940లో జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. అతడు బిల్లుండ్‌లోనే ఉండి కర్మాగారపు పని చూసుకొన్నాడు. 1942లో కర్మాగారం మరొకసారి అగ్నికి ఆహుతి కాగా, తండ్రీకొడుకులు దానిని తిరిగి నిర్మించారు. 1944లో గాట్‌ఫ్రెడ్‌కు ఈడిత్‌తో వివాహం జరిగింది. వీరికి కెల్ అనే కుమారుడు, గున్‌హిల్డ్, హన్నె అనే కుమార్తెలు కలిగారు. 1950లో గాట్‌ఫ్రెడ్ సంస్థ ఉపాధ్యక్షుడైనాడు.

ప్లాస్టిక్ ఇటుక

కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి వస్తువులు చేసే యంత్రాన్ని ఓలె కిర్క్ 1946లో కొనుగోలు చేశాడు. 1949లో సంస్థ పైభాగాన బొడిపెలు గల ప్లాస్టిక్ ఇటుకలను విడుదల చేసింది. ఈ ఆలోచన లెగో సంస్థలో పుట్టినది కాదు. ఇంగ్లాండుకు చెందిన హిలరీ ఫిషర్ పేజ్ అంతకు ముందే తన కిడ్డీక్రాఫ్ట్ సంస్థ ద్వారా ఇటువంటి ఇటుకలను అమ్మేవాడు. క్రిస్టియాన్సెన్‌లు ఆ ఇటుకల మాదిరులను చూసి, వాటిని కొద్దిగా మార్చి తమ ఇటుకలను తయారుచేశారు. పేజ్ 1957లో మరణించాడు. కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలపై మిగిలిన హక్కులను లెగో సంస్థ 1981లో కొనుగోలు చేసింది.

తొలినాళ్ళలో ఈ ఇటుకలకు ఆదరణ అంతగా లభించలేదు. లోపల బోలుగా ఉండటం వలన అవి ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనేవి కావు. సంస్థకు ప్రధానంగా ఆదాయం తెచ్చినవి చెక్క బొమ్మలు, 1951లో వచ్చిన ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనా వంటి ప్లాస్టిక్ బొమ్మలే.

ఆట పద్ధతి

1954లో ఇంగ్లాండులో ఆటబొమ్మల ప్రదర్శన చూసి ఓడలో తిరిగి వస్తున్నప్పుడు గాట్‌ఫ్రెడ్‌కు ట్రోల్స్ పీటర్సన్ అనే వ్యక్తితో పరిచయమైంది. అతడు కోపెన్‌హాగన్‌లోని మాగాసిన్ ద్యు నోర్ అనే పెద్ద దుకాణంలో ఆటబొమ్మల కొనుగోలుదారు. ఆటబొమ్మల వ్యాపారంలో ఒక పద్ధతి అంటూ లేదని, ఒక బొమ్మకు మరొక బొమ్మతో సంబంధం ఉండదని పీటర్సన్ విమర్శించాడు. గాట్‌ఫ్రెడ్ ఈ మాటను గట్టిగా పట్టుకొన్నాడు. సంస్థ చేస్తున్న సుమారు రెండు వందల రకాల వస్తువులను పరిశీలించి, పద్ధతిగా పెంచదగినవి ప్లాస్టిక్ ఇటుకలేనని తేల్చాడు.

ఈరోజు కొన్న ముక్క నిన్న కొన్న ముక్కతోను, రేపు కొనబోయే ముక్కతోను కలవాలన్నది అతని సూత్రం. ఇంట్లో ఇటుకలు పెరిగిన కొద్దీ వాటి విలువ తగ్గకుండా పెరుగుతుంది. 1955లో పట్టణ నిర్మాణం అనే పథకంతో ఇటుకలు, చిన్న కార్లు, చెట్లు కలిపి విడుదల చేశారు. ఆ సంవత్సరం న్యూరెంబర్గ్ ప్రదర్శనలో కొనుగోలుదారులు దీనిపై ఆసక్తి చూపలేదు. అయినా మరుసటి ఏడాది జర్మనీలో అమ్మకపు శాఖ ప్రారంభమైంది.

1958 పేటెంటు

కట్టిన నమూనాలు సులభంగా విడిపోతున్నాయని జర్మనీ శాఖ నుండి ఫిర్యాదులు వచ్చాయి. దీనికి పరిష్కారంగా ఇటుక అడుగున బోలు భాగంలో గొట్టాలను అమర్చారు. క్రింది ఇటుక బొడిపె పై ఇటుక గోడకు, గొట్టానికి నడుమ ఇరుక్కొని నిలబడుతుంది. చేతితో లాగితే విడివడుతుంది, లాగకపోతే విడివడదు. ఈ నిర్మాణానికి 1958 జనవరి 28న కోపెన్‌హాగన్‌లో పేటెంటు దరఖాస్తు దాఖలైంది. మరి కొద్ది వారాలకే, మార్చి 11న ఓలె కిర్క్ మరణించాడు. సంస్థ నాయకత్వం గాట్‌ఫ్రెడ్‌కు దక్కింది.

గొట్టాలు రావడం వలన ఇటుకలతో గోడలే కాక కదిలే వస్తువులు కట్టడం కూడా సాధ్యమైంది. కదులుతున్న బండికి కుదుపులు తప్పవు. కుదుపుకు విడిపోయే ఇటుకలతో వాహనం నిలవదు.

అన్నదమ్ములు విడిపోవడం

1960 ఫిబ్రవరిలో పిడుగుపాటు వలన చెక్క బొమ్మల గిడ్డంగి కాలిపోయింది. చెక్క బొమ్మల తయారీని తిరిగి మొదలుపెట్టరాదని, సంస్థ శక్తినంతా ప్లాస్టిక్ ఇటుకలపైనే పెట్టాలని గాట్‌ఫ్రెడ్ నిర్ణయించాడు. తండ్రి ప్రారంభించిన పని అంతటితో ఆగిపోయింది. చెక్క విభాగాన్ని చూసుకొనే గేర్హార్ట్, ప్లాస్టిక్ విభాగాన్ని చూసుకొనే కార్ల్ జార్జ్ సోదరుని నిర్ణయాలతో ఏకీభవించక 1961లో సంస్థను విడిచి వెళ్ళారు. వారి వాటాలను గాట్‌ఫ్రెడ్ కొనుగోలు చేశాడు. ఇటుకలు విఫలమైతే సంస్థకు వేరే ఆధారం లేని స్థితి ఏర్పడింది. ఇటుకలకు తోడుగా కొత్త ముక్కలను రూపొందించే పని ఆ తరువాతే వేగం పుంజుకొన్నది.

చక్రం, మోటారు

రబ్బరు టైరు గల లెగో చక్రం 1962లో విడుదలైంది. లోహపు ఇరుసు కలిగిన చక్రాన్ని రంధ్రాలున్న ప్రత్యేక ఇటుకకు గ్రుచ్చేవారు. అంతవరకు ఇటుకల ఊరిలో కార్లు తయారుగా అమ్మే నమూనాలు మాత్రమే. చక్రం వచ్చిన తరువాత పిల్లలు కారును కూడా ఇటుకలతోనే కట్టుకోగలిగారు. 1963 నుండి ఇటుకల తయారీకి పాత సెల్యులోజ్ అసిటేట్‌కు బదులు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌ను వాడసాగారు. ఇది వంకర పోదు, కొలత మారదు. సంవత్సరాల తేడాతో తయారైన ముక్కలు కచ్చితంగా కలవడానికి ఈ గుణం అవసరమైంది.

1966లో లెగో రైలు వెలువడింది. 1.5 వోల్టుల బ్యాటరీలు మూడింటితో, అనగా 4.5 వోల్టులతో దీని మోటారు నడిచేది. 1968లో ఈల శబ్దానికి కదిలి, ఆగే రైలును విడుదల చేశారు. 1969లో పట్టాల ద్వారా విద్యుత్తు అందుకొనే 12 వోల్టుల రైలు వచ్చింది. మోటారు కూడా బొడిపెలు గల ఒక ఇటుకగానే ఉండటం వలన దానిని రైలులో పెట్టవచ్చు, తీసి మరొక బండిలో అమర్చవచ్చు.

టెక్నిక్

1970లో గేర్లు అమ్మకానికి వచ్చాయి. 1977లో వెలువడిన కొత్త శ్రేణి తరువాత టెక్నిక్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. పక్కలకు రంధ్రాలు గల పొడవైన ఇటుకలు, ప్లస్ గుర్తు ఆకారపు ఇరుసులు, మేకులు, గేర్లు ఇందులోని ముఖ్యమైన ముక్కలు. ఆ ఏడాది వచ్చిన కారు ఛాసిస్‌లో స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరిగేవి, బండి కదిలితే ఇంజనులోని పిస్టన్లు పైకి క్రిందికి ఆడేవి. ప్రత్యేకంగా అమ్మే మోటారును కూడా ఇటువంటి నమూనాలకు జోడించుకొనే వీలుండేది.

ఈ ముక్కల కొలతలు పాత ఇటుకల కొలతలను అనుసరించే ఉన్నాయి. రెండు బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మి.మీ., పలక ఎత్తు 3.2 మి.మీ. ఒక ఇటుకపై రెండు పలకలు పెడితే సరిగ్గా 16 మి.మీ., అనగా రెండు బొడిపెల దూరం. అందువలన నిలువుగా పేర్చిన రంధ్రాలు అడ్డంగా ఉన్న రంధ్రాలతో సరిపోతాయి. గేర్లు కూడా ఇదే లెక్కలో ఉన్నాయి. 8 పళ్ళ గేరు, 24 పళ్ళ గేరు కలిసి తిరగాలంటే వాటి ఇరుసుల మధ్య 16 మి.మీ. ఉండాలి. అంటే రెండు రంధ్రాల దూరం. 24 పళ్ళ గేరుకు 40 పళ్ళ గేరును జోడిస్తే ఆ దూరం నాలుగు రంధ్రాలు.

సొంతంగా వాహనాలు కట్టేవారు మొదట నేర్చుకొనేది ఈ లెక్కనే. మోటారు ఇరుసుకు 8 పళ్ళ గేరును, చక్రాల ఇరుసుకు 24 పళ్ళ గేరును అమర్చితే వేగం మూడవ వంతుకు తగ్గుతుంది. రాపిడి నష్టం పోగా తిప్పే బలం సుమారు మూడు రెట్లవుతుంది. బరువైన ట్రాక్టరుకు, ఎత్తు ఎక్కవలసిన బండికి ఈ కూర్పు అనుకూలం. గేర్ల స్థానాలు మార్చితే బలం తగ్గి వేగం హెచ్చుతుంది. పందెపు కారుకు అది సరిపోతుంది.

లెగోలాండ్, విమానాశ్రయం

సంస్థ అవసరాల కోసం గాట్‌ఫ్రెడ్ బిల్లుండ్ వద్ద నిర్మించిన విమానపు దారి ఆధారంగా 1964లో అక్కడ ప్రజా విమానాశ్రయం ప్రారంభమైంది. కర్మాగారంలోని ఇటుకల నమూనాలను చూడటానికి సందర్శకులు పెరగడంతో వారి కోసం వేరే ఉద్యానవనం ఏర్పాటు చేయాలని అతడు తలచాడు. లెగోలాండ్ 1968 జూన్ 7న ప్రారంభమై, మొదటి సంవత్సరంలోనే 6 లక్షలకు పైగా సందర్శకులను ఆకర్షించింది. పిల్లలు చిన్న విద్యుత్ కార్లను నడుపుతూ రహదారి నియమాలు నేర్చుకొనే పాఠశాల మొదటినుండి ఇందులో భాగం. మరుసటి సంవత్సరం, 1969లో, చిన్న కుమార్తె హన్నె కారు ప్రమాదంలో మరణించింది.

చివరి సంవత్సరాలు

1979లో కుమారుడు కెల్ సంస్థ అధ్యక్షుడైనాడు. 1958 పేటెంటు ఆధారంగా అమెరికాలో 1961లో లభించిన హక్కుకు 1978లో గడువు తీరింది. తరువాత ఇతర సంస్థలు అదే కొలతలతో ఇటుకలు చేయసాగాయి. టైకో సంస్థపై వేసిన దావాలో 1988లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ లెగోకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. పాత నమూనా చిత్రాలలో చేసిన స్వల్ప మార్పులకు కొత్తగా కాపీహక్కు పుట్టదని ఆ తీర్పు సారాంశం. పేజ్ ఇటుకలను చూసి మొదలైన సంస్థ, తన ఇటుకలను ఇతరులు చేయకుండా ఆపలేకపోయింది.

గాట్‌ఫ్రెడ్ 1995 జూలై 13న, 75 సంవత్సరాల వయసులో మరణించాడు.

అనంతర పరిణామాలు

కంప్యూటరుతో నడిపించగల మైండ్‌స్టార్మ్స్ 1998లోను, రిమోటుతో నడిచే పవర్ ఫంక్షన్స్ మోటార్లు 2007లోను విడుదలయ్యాయి. వాహనాలను సొంతంగా రూపొందించేవారికి ఇవి ముఖ్యమైన సాధనాలైనాయి. సంస్థ సూచనల పుస్తకం లేకుండా గేరుపెట్టె, సస్పెన్షను, నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు గల ట్రక్కులు నిర్మించి, వాటి లోపాలను ఒకరితో ఒకరు చర్చించి సరిచేసుకొనే పెద్దలు అనేక దేశాలలో ఉన్నారు. మోటార్ల తీగల కొసలు, బ్యాటరీ పెట్టెలు పలుమార్లు మారడం వలన పాత విద్యుత్ భాగాలు కొత్తవాటితో నేరుగా కలవకపోవడం వీరికి ఎదురయ్యే ఇబ్బంది. ఇటుకల విషయంలో ఆ ఇబ్బంది లేదు.

రెండు వరుసలలో ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చునని డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞులు లెక్కించారు. 1958లో తయారైన ఇటుక నేటి ఇటుకతో కలుస్తుంది.